ఒక్క బేరమైనా వ్యాపారమే కావచ్చు
గుంటూరు యార్డుకు మిర్చి ముమ్మరంగా దిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ధర కాస్త మెత్తబడగానే సరకు కొని కోల్డ్ స్టోరేజిలో పెట్టేది వర్తకులు మాత్రమే కాదు. బడిపంతుళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, డాక్టర్లు కూడా ఈ పని చేస్తుంటారు. వానాకాలంలో ధర లేస్తే అమ్మి నాలుగు డబ్బులు కళ్ళజూస్తారు. "మాది వ్యాపారం కాదండీ, ఏదో నిలవ పెట్టుకున్నాం" అని కమీషన్ ఏజెంటుతో అంటారు. ఆదాయపు పన్ను లెక్కల్లో ఈ మాట చెల్లదు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో వ్యాపారమంటే వర్తకం, వాణిజ్యం, ఉత్పత్తి మాత్రమే కాదు. 'వర్తక స్వభావం గల సాహసం' కూడా వ్యాపారమే. దాని స్థానే 2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యే 2025 నాటి చట్టంలోనూ ఈ నిర్వచనం మారలేదు. ఏటేటా చేయాలని గాని, దుకాణం తెరవాలని గాని లేదు.

ఈ విషయంలో నేటికీ ప్రమాణంగా నిలిచినది 1958 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన వెంకటస్వామి నాయుడు కంపెనీ తీర్పు. కోయంబత్తూరులో ఒక మిల్లుకు మేనేజింగ్ ఏజెంట్లుగా వున్న ఈ సంస్థ, మిల్లు పక్కనున్న నాలుగు స్థలాలను 1941, 42 సంవత్సరాల్లో రు. 8,713లకు కొని, 1947లో అదే మిల్లుకు రు. 52,600లకు అమ్మింది. ఆ స్థలాల్లో సేద్యం చేసే ప్రయత్నమే జరగలేదు. మిల్లుకు లాభానికి అమ్మే ఉద్దేశంతోనే కొన్నారు గనుక, అది ఒకే బేరమైనా వ్యాపారమేనని కోర్టు నిర్ణయించింది.

కొన్న సరకు ఎటువంటిదన్నది కూడా చూస్తారు. 1920లో బెర్లిన్‌లో పది లక్షల టాయిలెట్ కాగితపు చుట్టలు కొని అమ్మిన ఆసామి కేసు ఇందుకు పాత ఉదాహరణ. అన్ని చుట్టలు ఒక మనిషి జన్మంతా వాడినా తరగవు. కొన్నది అమ్మడానికేనని 1929లో స్కాట్లండు కోర్టు తేల్చింది. నలభై టిక్కీల మిర్చి కొన్న పంతులుగారు ఇంటి కారానికి కొన్నానంటే నమ్మేవారెవరు? (ఆయన సర్వీసు నిబంధనల సంగతి వేరు.)

రైతు సంగతి ఇలా కాదు. తన చేలో పండిన కాయను ఆరబెట్టి, ఆరునెలలు నిలవపెట్టి అమ్మినా అది వ్యవసాయాదాయమే. పక్క రైతు కాయ కొని పెడితే మాత్రం ఆ మేరకు వ్యాపారం. రెండూ ఒకే పేరున, ఒకే రసీదుపై లోపల పెట్టినప్పుడే అసలు చిక్కు. ఏది సొంత పంటో తర్వాత రుజువు చేయడం కష్టం. లాట్లు, రసీదులు మొదటే విడదీయడం మంచిది.

వ్యాపారమని ఒప్పుకుంటే మేలూ వున్నది. కోల్డ్ స్టోరేజి అద్దె, అప్పుపై వడ్డీ, హమాలీ, గోనెసంచుల ఖర్చు మినహాయించుకోవచ్చు. అయితే నష్టం వస్తే దానిని జీతంలో తగ్గించుకోవడానికి వీలులేదు. గడువులోగా రిటర్ను వేసినవారు ఎనిమిదేళ్ళ వరకు వ్యాపార లాభాల్లో సర్దుకోవచ్చు. సరకు చేతికి రాకుండా ధర తేడా మాత్రం చెల్లించి మూసేసే నోటిమాట బేరాలది మరీ ఇరుకు. అవి స్పెక్యులేషన్ కింద వస్తాయి. వాటి నష్టం అటువంటి లాభంలోనే, అదీ నాలుగేళ్ళలోపే తీరాలి. గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలలో షరతుల మేరకు జరిగే ఫ్యూచర్స్ లావాదేవీలకు ఈ ఇబ్బంది లేదు.

చిన్న వ్యాపారులు రెండు కోట్ల టర్నోవరు వరకు, పూర్తి లెక్కలు లేకుండా, అమ్మకాల్లో 8 శాతం (బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై 6 శాతం) లాభంగా చూపే వీలున్నది. సరకు కొని అమ్మే పంతులుగారికి ఇది వర్తించవచ్చు. ఆయన తరఫున యార్డులో బేరం కుదిర్చి కమీషన్ పుచ్చుకునే ఏజెంటుకు మాత్రం ఈ సౌకర్యం లేదు.