హలో... అక్కడ మనిషేనా?

రాత్రి కంప్యూటర్‌ ఆన్‌చేసి పడుకుంటే చాలు, తెల్లారేసరికి దేశదేశాలవాళ్లనీ అదే పలకరించేసి ఉంటుంది! హామ్‌ రేడియోలో ఇప్పుడిది సాధ్యమే. పేచీ అంతా అక్కడే... పలకరించింది ఎవరు?

ఒకప్పుడు మైకులో పిలవాలి, లేదంటే మోర్స్‌ మీట నొక్కాలి. గరగరల మధ్య ఎక్కడి నుంచో జవాబు వినిపిస్తే ఆ ఆనందమే వేరు. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 ఆ పద్ధతినే మార్చేసింది. 1993లో ఫిజిక్స్‌ నోబెల్‌ అందుకున్న జో టేలర్‌, తోటి హామ్‌ స్టీవ్‌ ఫ్రాంక్‌తో కలిసి దీన్ని రూపొందించారు.

ఇందులో 15 సెకన్లకోసారి వంతు మారుతుంది. పంపేది పొడిపొడి సమాచారమే. కాల్‌సైన్‌, ఉన్న చోటుని తెలిపే గడి (హైదరాబాద్‌ది ఎంకే97), సిగ్నల్‌ ఎలా అందిందో చెప్పే అంకె, చివర్లో '73'... అంటే హామ్‌ల భాషలో శుభాకాంక్షలు. అంతా నిమిషంన్నరలో పూర్తి. చెవికి ఆననంత బలహీనమైన సిగ్నల్‌నీ కంప్యూటర్‌ పట్టేస్తుంది. దాంతో బాల్కనీలో చిన్న యాంటెన్నా పెట్టుకున్నవాళ్లూ ఖండాలు దాటేస్తున్నారు. పోటీల కోసం ఇంకా వేగంగా పనిచేసే ఎఫ్‌టీ4 కూడా 2019లో వచ్చింది.

మీట మనిషిదే!

జవాబుల వరసంతా ప్రోగ్రామే చూసుకున్నా, మొదలుపెట్టే పని మాత్రం మనిషికే వదిలారు రూపకర్తలు. కాసేపు ఎవరూ పట్టించుకోకపోతే ప్రసారం దానంతటదే ఆగిపోతుంది. కానీ ఈ ప్రోగ్రామ్‌ కోడ్‌ అందరికీ అందుబాటులో ఉంది. దాన్ని మార్చి, ఆ అడ్డు తీసేసినవాళ్లూ ఉన్నారు. పోటీల్లో ఎంతమందిని కలిస్తే అన్ని పాయింట్లు. మరి నిద్ర మానుకుని కూర్చున్నవాళ్లనీ మెషీన్‌కి అప్పజెప్పి పడుకున్నవాళ్లనీ ఒకే గాటన కట్టొచ్చా? కూడదంటూ అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్‌ 2019లో నిబంధన తెచ్చింది. ప్రతి సంభాషణనీ రెండువైపులా మనిషే, అప్పటికప్పుడు మొదలుపెట్టాలన్నది దాని సారాంశం.

ఆపదలో...

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హామ్‌ భారతీ ప్రసాద్‌ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. హైదరాబాద్‌లోని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ అమెచ్యూర్‌ రేడియో తరఫున వెళ్లిన బృందమది. ఫోన్లు మూగబోయిన వేళ అండమాన్‌లో చిక్కుకున్నవారి క్షేమసమాచారాన్ని బయటి ప్రపంచానికి చేరవేసింది ఆ రేడియోనే.

ఎఫ్‌టీ8లో సొంతంగా ఏదైనా రాసి పంపాలంటే ఒక్కసారికి 13 ఇంగ్లిష్‌ అక్షరాలకు మించి పట్టదు. వయసుతో వినికిడి తగ్గినవాళ్లకి అది వరమే. గాలిలో దారులు ఎటు తెరుచుకున్నాయో ఇట్టే చెప్పేస్తుంది కూడా. కానీ 'మావాళ్లు ఎలా ఉన్నారు?' అని కంగారుగా అడిగేవాళ్లకి ధైర్యం చెప్పాలంటే... అవతల మనిషే ఉండాలి!