కోతి చెంచా ఎందుకు చెక్కదు?

నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క చెంచా చెయ్యాలంటే ముందు చెట్టును ఎరగాలి. వెలికొండల అడవిలో ఎన్నో చెట్లున్నా ఈ పనికి వాడేవి నర్ది, కల్ది, బిక్కి, దేవదారి, పాలబర్కి వంటి కొన్నే. ఆ కర్రను కోసి, గుంట తోడి, కాడ మీద సన్నని జాలీ చెక్కి, చివరకు చేతికి గుచ్చుకోకుండా నునుపు చెయ్యాలి. తరతరాలుగా ఎక్కువగా ముస్లిం కుటుంబాలు, అందులోనూ ఆడవాళ్ళు చేస్తున్న పని ఇది. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఆ అడవుల్లోనే కోతులూ తిరుగుతుంటాయి. వాటి చేతికీ అయిదు వేళ్ళున్నాయి, పట్టుకోవడానికి బొటనవేలు ఉంది. చూపు చురుకైనది. మరి కోతి చెంచా చెక్కదెందుకు? తెలివి చాలక అనేస్తే సగం జవాబే అవుతుంది.

పనిముట్లు చేసే జీవి మనిషి ఒక్కడేనని చాలాకాలం నమ్మారు. కానీ 1960లో టాంజానియాలోని గోంబే అడవిలో పరిశోధకురాలు జేన్ గుడాల్ చింపాంజీలను గమనించింది. అవి రెమ్మ విరిచి, ఆకులు దూసి, ఆ పుల్లను చెదల పుట్టలో దూర్చి, దాన్ని పట్టుకుని పైకొచ్చిన చెదలను తింటున్నాయి. మన దక్షిణాది కోతీ తక్కువది కాదు. ఒంటి మీద దురద పెట్టినచోట గోక్కోవడానికి ఒక అడవి కోతి పుల్లల్ని సవరించి వాడుకోవడం గురించి పరిశోధకుడు అనింద్య సిన్హా 1997లో రాశారు. బ్రెజిల్‌లో కపూచిన్ కోతులు రాయితో రాయిని కొడుతుంటే రాలే పెచ్చులు అచ్చం ఆదిమానవుల రాతి పనిముట్లలాగే ఉంటాయని 2016లో తేలింది. పెచ్చులు రాల్చినా, వాటిని కత్తుల్లా వాడుకోవడం మాత్రం అక్కడి కోతుల్లో కనిపించలేదు.

కాబట్టి పనిముట్టు ఉందా లేదా అని చూస్తే సరిపోదు. అది కాలంతోపాటు మారుతోందా అని చూడాలి. నెల్లూరుకు దక్షిణాన, తమిళనాడులోని అత్తిరంపాక్కంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, విలియం కింగ్ 1863లో రాతి పనిముట్లు గుర్తించారు. పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం తవ్వకాల్లో వాటిలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ళవని తేలింది. అక్కడే కొత్త పద్ధతిలో చెక్కిన రాళ్ళు కనబడేది దాదాపు 3,85,000 ఏళ్ళ కిందట. అంటే ఆదిమానవులు కూడా చేతిగొడ్డలి అనే రాతి పనిముట్టు దగ్గరే లక్షల ఏళ్ళు ఆగారు. ఆ తర్వాత వేగం పెరుగుతూ వచ్చింది. ఒకరు కనిపెట్టినది ఇంకొకరు నేర్చుకుని, దానికి మరొకటి చేర్చారు. మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ టొమసెల్లో దీన్ని ముందుకే తప్ప వెనక్కి తిరగని పళ్ళచక్రంతో పోల్చాడు.

ఆ చక్రం వెనక్కి జారకుండా పట్టి ఉంచేది ఏది? 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ ప్రకటించిన ప్రయోగం ఒక దారి చూపింది. పెట్టెలోంచి బహుమతి తియ్యడం ఎలాగో చింపాంజీలకూ, మూడు నాలుగేళ్ళ పిల్లలకూ చూపించారు. అందులో కొన్ని పనులు ఉత్తుత్తివి. పెట్టె పారదర్శకంగా ఉన్నప్పుడు చింపాంజీలు ఆ అనవసరపు పనులు మానేసి సూటిగా బహుమతి తీసుకున్నాయి. పిల్లలు మాత్రం చూసినదంతా చేశారు.

చూడ్డానికి చింపాంజీయే తెలివైనదనిపిస్తుంది. కానీ చెక్కపని నేర్చుకునే పిల్లకు ఈ కర్రే ఎందుకు, ఇటునుంచే ఎందుకు చెక్కాలి అన్నది మొదట్లో అర్థం కాదు. అర్థమైనదాన్నే అనుసరిస్తే పూర్వులు కనిపెట్టిన కిటుకు సగం రాలిపోతుంది. ముందు ఉన్నదున్నట్టు చేసి, కారణం తర్వాత తెలుసుకోవడం వల్లే అది నిలిచింది.

నేర్పడం, చూసి నేర్చుకోవడం కూడా మన ఒక్కరి సొత్తు కాదు. కలహారి ఎడారిలో ముంగిస జాతి మీర్‌కాట్‌లు తమ పిల్లలకు మొదట చచ్చిన తేళ్ళు, తర్వాత కొండి తీసినవి, చివరకు బతికున్నవి తెచ్చిస్తాయని 2006లో తెలిసింది. తమంతట తాము కనుక్కోలేని రెండంచెల పనిని కూడా బంబుల్‌బీలు తోటి బీని చూసి నేర్చుకోగలవని 2024లో లండన్ శాస్త్రవేత్తలు చూపారు. అయితే మీర్‌కాట్ నేర్పేది వేట సంగతే. మనిషి దేన్నైనా నేర్పగలడు. ఎదురుగా లేని చెట్టును గురించి, రేపటి వానను గురించి కూడా మాటల్లో చెప్పగలడు.

ఈ బలంతోపాటు ఒక బలహీనతా వచ్చింది. గిజిగాడు గూడు అల్లే స్వభావంతోనే పుడుతుంది, అలవాటు మీద పని తీరు మెరుగవుతుంది. చెంచాలు చెక్కే తల్లి కడుపున పుట్టిన పిల్లకు ఉలి పట్టడం పుట్టుకతో రాదు. తల్లి చేతికి తెలిసినది జన్యువుల్లోకి ఎక్కదు. ఒక్క తరం నేర్చుకోకపోతే తర్వాతి తరం మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాల్సిందే. భౌగోళిక గుర్తింపు ఉదయగిరి పేరును నకిలీలనుంచి కాపాడుతుంది. పని బతకాలంటే మాత్రం నేర్చుకునే పిల్లలుండాలి, నేర్చినందుకు వాళ్ళకు కూలి గిట్టాలి.