మీకు తెలుసా? సత్యం కథ ఒక్కటే ఆగింది

రాత్రి షిఫ్టు దిగి ఫోన్‌లో క్రైమ్ డాక్యుమెంటరీ వెతికే భివండీ పద్మనగర్ మనవాళ్లు చూడదగ్గవి రెండున్నాయి.

నెట్‌ఫ్లిక్స్ ‘బ్యాడ్ బాయ్ బిలియనీర్స్: ఇండియా’ నాలుగు భాగాలుగా రావాలి. 2020 అక్టోబరులో వచ్చినవి మూడే: విజయ్ మాల్యా, నీరవ్ మోదీ, సుబ్రతా రాయ్. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు భాగం హైదరాబాద్ కోర్టు ఉత్తర్వుతో ఆగింది. అసలు కథ అదే! లేని సొమ్మును లెక్కల్లో చూపించానని 2009 జనవరి 7న ఆయనే లేఖ రాశారు. ఏడు వేలకు పైగా దొంగ ఇన్వాయిసులకు కంప్యూటర్లో ‘ఎస్’ గుర్తు పెట్టి, మామూలు ఉద్యోగుల కంట పడకుండా దాచారని సీబీఐ తేల్చింది. మనలా నేసిన మీటర్ల లెక్కన కూలీ తీసుకునేవాడికి నేయని గుడ్డకు బిల్లు వేయడమంటే వింతే. 2015 ఏప్రిల్‌లో రామలింగరాజుకు ఏడేళ్ల శిక్ష పడింది, మరుసటి నెలే బెయిలొచ్చింది.

రెండోది ‘హౌస్ ఆఫ్ సీక్రెట్స్: ది బురారీ డెత్స్’ (2021). దర్శకత్వం లీనా యాదవ్, అనుభవ్ చోప్రా. 2018 జులై 1న ఢిల్లీలో ఒకే ఇంట 11 మంది చనిపోయిన ఉదంతం. మూడే భాగాలు. నెత్తురు కన్నా ఆ ఇంట్లో దొరికిన డైరీలే ఎక్కువ భయపెడతాయి. పిల్లలు పడుకున్నాకే పెట్టుకోండి.