వైబ్రాటో వెంటనే వద్దు.. కాస్త ఆగి, మెల్లగా రావాలి: సింథ్‌లో ఇలా సెట్ చేసుకోండి

మీ కీబోర్డ్‌లో వయొలిన్ టోన్ పెట్టి ఒక కీ మీద వేలు అలాగే ఉంచండి. నొక్కిన క్షణం నుంచే ‘వూవూవూ’ అంటూ ఊగిపోతోందా? అయితే తప్పు టోన్‌ది కాకపోవచ్చు, వైబ్రాటోది. మనిషి వాయించేటప్పుడు చాలాసార్లు స్వరాన్ని ముందు నిలకడగా పట్టుకుంటాడు. అది కుదురుకున్నాక ఊపు సన్నగా మొదలై పెరుగుతుంది. మన చెవికి ఆ అలవాటు బాగా తెలుసు. అది లేకపోతే ఎంత ఖరీదైన శాంపిల్ అయినా ‘ఇది కీబోర్డే’ అని పట్టేస్తుంది.

నాకు తెలిసిన కుర్రాడు ఒకడు చర్చిలో కీబోర్డ్ వాయిస్తాడు. “అన్నా, నా ఫ్లూట్ టోన్ తీర్థంలో కొన్న పీకలా ఉంది, కొత్త కీబోర్డ్ కొనేస్తా” అంటూ ఓ లిస్ట్ పంపాడు. అందులో ఏదీ 50 వేలకు తక్కువ లేదు. ముందు వైబ్రాటో డిలే చూడమన్నాను. అరగంట తర్వాత ఒక వాయిస్ క్లిప్ పంపాడు, కింద “ఈ పండక్కి దీంతోనే కానిచ్చేస్తా అన్నా” అని మెసేజ్. అదే కీబోర్డ్, అదే టోన్.

ఎల్ఎఫ్ఓ అంటే ఏంటి?

శబ్దంగా వినిపించనంత నిదానంగా ఊగే తరంగమే ఎల్ఎఫ్ఓ. దాన్ని పిచ్‌కి కలిపితే వైబ్రాటో వస్తుంది. వేవ్‌ఫామ్ సైన్ పెట్టండి. వేగం 5 నుంచి 6 హెర్ట్జ్ మధ్య ఉంటే సహజంగా ఉంటుంది. 3కి దిగితే క్యాసెట్ టేప్ సాగినట్టు, 8 దాటితే మేక అరిచినట్టు ఉంటుంది. ఇక డెప్త్. పక్కపక్క కీల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే, పైకి 15, కిందికి 15 సెంట్లతో మొదలుపెట్టండి. చాలామంది ఇక్కడే అతి చేస్తారు.

అసలు కీలకం: డిలే, ఫేడ్

ఈ రెండూ ఒకటి కాదు. డిలే అంటే కీ నొక్కాక వైబ్రాటో ఎంతసేపు ఆగాలి అన్నది. ఫేడ్ అంటే మొదలయ్యాక సున్నా నుంచి పూర్తి ఊపుకి ఎంతసేపట్లో చేరాలి అన్నది. డిలే మాత్రమే పెడితే, నిలకడగా ఉన్న స్వరం ఒక్కసారిగా సైలెంట్ ఫోన్‌కి కాల్ వచ్చినట్టు వణుకుతుంది. మనకు కావాల్సింది అది కాదు కదా!

అంకెలు పాట వేగాన్ని బట్టి ఉండాలి. 120 బీపీఎం పాటలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. డిలే 400, ఫేడ్ 800 పెడితే పూర్తి ఊపు రావడానికి 1200 మిల్లీసెకన్లు, అంటే రెండు బీట్ల పైనే పడుతుంది. ఒక బీట్‌లోపు ముగిసే స్వరాలకు ఊపు దాదాపు తెలియదు, పొడుగు స్వరాలు మాత్రమే పాడతాయి. అదే 70 బీపీఎం పాటైతే బీట్ సుమారు 857 మిల్లీసెకన్లు. అక్కడ డిలే 600 దాకా పెంచొచ్చు.

డబ్బు పెట్టకుండా ట్రై చేయాలంటే లాప్‌టాప్‌లో సర్జ్ ఎక్స్‌టీ వేసుకోండి. ఉచితం, ఓపెన్ సోర్స్. దీని ప్రతి ఎల్ఎఫ్ఓకి సొంత ఎన్వలప్ ఉంటుంది, నాకు బాగా నచ్చింది అదే. ఎల్ఎఫ్ఓ 1ని పిచ్‌కి 0.15 సెమీటోన్ మేర కలపండి. ఎన్వలప్‌లో డిలే 400 మిల్లీసెకన్లు, అటాక్ 800 పెట్టండి. ఆ అటాకే మన ఫేడ్. ఇందులో వాయిస్ ఎల్ఎఫ్ఓ, సీన్ ఎల్ఎఫ్ఓ అని రెండు రకాలున్నాయి. వాయిస్ రకం ప్రతి స్వరానికీ విడిగా నడుస్తుంది, సీన్ రకం అన్నిటికీ కలిపి ఒకటే.

మీ సింథ్‌లోనో ఫోన్ యాప్‌లోనో ఫేడ్ నాబ్ లేదా? మాడ్యులేషన్ మ్యాట్రిక్స్ ఉంటే, అటాక్ నిదానంగా ఉన్న ఒక ఎన్వలప్‌తో ఎల్ఎఫ్ఓ డెప్త్‌ని నడిపించండి, ఫలితం అదే. అదీ లేకపోతే మాడ్ వీల్ ఉండనే ఉంది. ఎడమ చేత్తో మెల్లగా పైకి తోయడమే.

ఇదేం కొత్త టెక్నిక్ కాదండోయ్. 1984 నాటి రోలాండ్ జూనో-106 ప్యానెల్ మీదే ఎల్ఎఫ్ఓకి డిలే టైమ్ స్లైడర్ ఉంది. అందులో ఆరు స్వరాలకూ ఒకటే ఎల్ఎఫ్ఓ. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7లో డిలే 0 నుంచి 99 వరకు ఉంటుంది. దాన్ని అనుకరించే డెక్స్‌డ్ కూడా ఉచితమే. కాకపోతే అందులో పిచ్ మాడ్ సెన్సిటివిటీ సున్నాలో ఉంటే, మిగతావి ఎంత తిప్పినా ఏమీ వినిపించదు. ముందు అది చూసుకోండి.

ఇంట్లో వాడే అరేంజర్ కీబోర్డుల్లోనూ చాలావాటికి ఈ సదుపాయం ఉంది. యమహా పీఎస్ఆర్-ఎస్ సిరీస్‌లో వాయిస్ సెట్‌లోకి వెళితే వైబ్రాటో కింద డెప్త్, స్పీడ్, డిలే కనిపిస్తాయి. మిడిలో అయితే కంట్రోలర్ 76 వేగానికి, 77 డెప్త్‌కి, 78 డిలేకి. జీఎం2 ప్రకారం 64 అంటే ఉన్నది ఉన్నట్టు, ఆపైన పెంచినట్టు. మార్చిన టోన్‌ని యూజర్ మెమరీలో సేవ్ చేయడం మర్చిపోవద్దు, టోన్ మారిస్తే మీ సెట్టింగ్ పోతుంది.

ఫ్లూట్‌కి ఇంకో చిట్కా. అక్కడ ఊపు ఊపిరిలోంచి వస్తుంది కాబట్టి పిచ్‌తో పాటు వాల్యూమ్ కూడా కొంచెం ఊగుతుంది. అదే ఎల్ఎఫ్ఓని వాల్యూమ్‌కీ చిటికెడు కలపండి, పిచ్ డెప్త్ తగ్గించండి.

ఒక్క విషయం మాత్రం ఈ సెట్టింగ్‌తో అవ్వదు. కర్ణాటక సంగీతంలోని కంపితం వైబ్రాటో కాదు. దాని ఊపు ఎంత వెడల్పు, ఎంత వేగం అన్నది రాగాన్ని బట్టి, స్వరాన్ని బట్టి మారిపోతుంది. ఒకే లెక్కలో తిరిగే ఎల్ఎఫ్ఓకి అది అందదు. దానికి పిచ్ బెండ్ రేంజ్ 2 సెమీటోన్లకు పెట్టుకుని చేత్తో సాధన చేయాల్సిందే. అలా వాయించేటప్పుడు వైబ్రాటో డెప్త్‌ని సున్నా చేసేయండి, లేదంటే రెండు ఊపులూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి.