బొమ్మ గీస్తే చాలు – ప్రోగ్రాము తయార్!

మన ఇళ్ళల్లో కంప్యూటర్లు ఎన్ని ఉన్నవో ఎప్పుడైనా లెక్క పెట్టారా? "మా అబ్బాయి బల్ల మీద ఉన్నది ఒక్కటే" అంటారు చాలామంది. కాని బట్టలుతికే మిషనులో ఒకటున్నది. ఏర్ కండిషనరులో ఒకటున్నది. కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరులోనూ ఉన్నది. ఇక వాకిట్లో కారు ఉంటే చెప్పనక్కరలేదు. ఇంజనుకు ఒకటి, బ్రేకులకు ఒకటి, ప్రమాద సమయంలో ఉబ్బే గాలిసంచికి ఒకటి – ఇట్లా ఈనాటి కారులో డజన్లకొద్దీ చిన్న కంప్యూటర్లు దాగి ఉంటున్నవి. వీటిలో చాలావాటికి తెర ఉండదు, మీటల పలక ఉండదు. ఫ్యాక్టరీలో నేర్పిన పనినే జీవితాంతం చేస్తూ ఉంటవి.

ఆ పని నేర్పే ప్రోగ్రామును రాసేదెవరు? "ఇంకెవరు, ఇంజనీర్లే!" అని మీరనవచ్చు. నేను బెంగుళూరులో చాలా ఏళ్ళుగా ఈ వృత్తిలోనే ఉన్నాను. ఐనా నిజం చెప్పాలంటే, ప్రోగ్రాము పంక్తులు నేను చేత్తో రాసేది బహు తక్కువ. నేను బొమ్మ గీస్తాను. ఆ బొమ్మను చూసి ప్రోగ్రామును కంప్యూటరే రాస్తుంది.

వెనుకటి పద్ధతి

వెనుక ఈ పని ముగ్గురి చేతులమీదుగా నడిచేది. ఇంజను సంగతి తెలిసిన ఇంజనీరు తనకేమి కావాలో లావుపాటి పుస్తకంగా రాసేవాడు. ఇంజను ముఖమెరుగని ప్రోగ్రాము రచయిత ఆ పుస్తకం చదివి, తనకర్థమైనంత మేరకు 'సి' భాషలో రాసేవాడు. మూడోవాడు దాన్ని పరీక్షించేవాడు. కాకి రంగులో కక్కాడన్న మాట ఊరు దాటేసరికి కాకినే కక్కాడని మారిన కథ మీకు తెలుసు కదా! అట్లాగే మొదటివాడు అనుకున్నదొకటి, చివరకు చిప్పులోకి చేరినదొకటి. ఆ తేడా బయటపడేటప్పటికి కారు రోడ్డెక్కి ఉండేది.

డాబా మీద టాంకీ

కొత్త పద్ధతిని మీకు తెలిసిన వస్తువుతోనే చెబుతాను. డాబా మీద నీళ్ళ టాంకీ ఉన్నది. దాని మోటారును తనంత తాను వేసి, ఆపే చిన్న చిప్పు కావాలి.

తెరమీద నాలుగు పెట్టెలు గీస్తాను. ఒకటి టాంకీ. రెండోది మోటారు. మూడోది ఇంట్లో వాడకం – పొద్దున స్నానాల వేళ ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. నాలుగోది నిర్ణయం చేసే పెట్టె. ఒక పెట్టె నుంచి ఇంకొకదానికి గీతలు కలుపుతాను. నిర్ణయం పెట్టెలో, "నీళ్ళు నూటికి 80 పాళ్ళకు తగ్గితే మోటారు వేయి, మించితే ఆపు" అని పెడతాను. వినడానికి సబబుగానే ఉన్నది కాదూ?

ఇప్పుడు దాన్ని నడిపిస్తాను. ఇంటివారి ఒక రోజు వాడకమంతా తెరమీద క్షణాల్లో గడిచిపోతుంది. చూద్దునుగదా, మోటారు వెలుగుతున్నది, ఆరుతున్నది, మళ్ళీ వెలుగుతున్నది! కారణం – ధార పడుతున్నప్పుడు నీళ్ళపైన అలలు లేస్తవి. మట్టం ఒక క్షణం 79, మరుక్షణం 81. చిప్పు పాపం చెప్పినట్టే చేస్తున్నది. నిజమైన మోటారైతే నాలుగు రోజులకే చుట్ట మాడిపోయేది. అందుచేత నియమం మారుస్తాను. 30కి దిగితే వేయి, 90కి చేరితే ఆపు, నడుమ ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే ఉండనీ. మళ్ళీ నడిపితే రోజంతా ప్రశాంతం. ఒక్క చుక్క నీరు ఖర్చు కాలేదు, ఒక్క మోటారూ కాలలేదు. కంప్యూటరులో ఇట్లా ఉత్తుత్తిగా నడిపి చూడటాన్నే సిమ్యులేషన్ అంటారు.

తరువాత ఒక మీట నొక్కుతాను. టాంకీ, మోటారు, వాడకం పెట్టెలు నాటకంలో తెరల వంటివి. అవి అక్కడే ఉండిపోతవి. నిర్ణయం పెట్టె ఒక్కటే 'సి' ప్రోగ్రాముగా మారి చిప్పులోకి పోతుంది.

ఈ మార్పు చేసేది కూడా ఒక ప్రోగ్రామే. దానికొక క్రమశిక్షణ ఉన్నది. ముందు, ఏ పెట్టె లెక్క తరువాత ఏ పెట్టె లెక్క చేయాలో వరుస తేల్చుకుంటుంది. ఒక పెట్టె ఫలితం చుట్టూ తిరిగి అదే క్షణంలో దానికే కావలసి వస్తే, "చెట్టు ముందా, విత్తు ముందా?" అన్న చిక్కు వస్తుంది. అప్పుడది మొరాయిస్తుంది. "క్రితం క్షణపు విలువ వాడుకో" అని నేను మధ్యలో చిన్న ఆలస్యం పెట్టె గీస్తే గాని ముందుకు సాగదు. ఈనాడు మాటలతో అడిగితే ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చింది గదా, దానికీ దీనికీ తేడా ఇక్కడే. ఇది ఊహించదు. అదే బొమ్మ, అవే అమరికలు ఇస్తే ఎన్నిసార్లు అడిగినా అదే ప్రోగ్రాము ఇస్తుంది.

పైసల లెక్క

చవక చిప్పులకు దశాంశాల లెక్కలంటే మహా బరువు. అందుకని మనం రూపాయలన్నిటినీ పైసల్లోకి మార్చుకున్నట్టు, విలువలను పూర్ణసంఖ్యలుగా మార్చి వాటికిస్తాము. కాని చిప్పులోని చిన్న గదిలో 0 నుంచి 255 వరకే పడుతుంది. 255కు ఒకటి కలిపితే, పాత మీటరు నిండి తిరగబడినట్టు, 0 అవుతుంది!

ఈ చిల్లర లెక్క ఎంత పని చేస్తుందో 1991లో గల్ఫ్ యుద్ధంలో లోకానికి తెలిసింది. అమెరికా వారి పేట్రియట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదోవంతుల్లో లెక్కించేది. మన దశాంశాల్లో మూడోవంతు ఎట్లా తెగదో, కంప్యూటరు లెక్కలో పదోవంతు అట్లా తెగదు. తోక కత్తిరించక తప్పదు. వ్యవస్థ సుమారు 100 గంటలు ఆపకుండా నడిచేటప్పటికి ఆ కత్తిరింపులన్నీ పోగై, సెకనులో మూడోవంతు తేడా వచ్చింది. ఆ కాస్త వ్యవధిలో శత్రుక్షిపణి అర కిలోమీటరుకు పైగా జరిగిపోతుంది. ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్ వద్ద దాన్ని అడ్డుకోలేకపోయారు. 28 మంది సైనికులు చనిపోయారు.

నేడు బొమ్మలో ప్రతి గీతకూ "ఇక్కడ ఇంత పెద్ద గది, ఇంత సూక్ష్మత" అని రాసి పెట్టవచ్చు. ఆ కత్తిరించిన లెక్కలతోనే వందల గంటలు ముందుగా నడిపి, తేడా ఎంత పెరుగుతుందో చూడవచ్చు.

చంద్రుడి దాకా

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరంలో పాల్ కాస్పి, నికొలా హాల్బ్‌వాక్స్ అనే శాస్త్రజ్ఞులు 1980ల్లో 'లస్టర్' అనే భాష కల్పించారు. దాని సంతానమైన 'స్కేడ్' అనే సాధనాన్ని, 2005లో తొలిసారి ఎగిరిన రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380 విమానాన్ని నియంత్రించే ప్రోగ్రాములకు వాడారు. అమెరికాలో 1990ల ఆరంభంలో వచ్చిన 'సిమ్యులింక్' ఈనాడు కార్ల పరిశ్రమలో ఇంటింటి పేరు. చంద్రుడి చుట్టూ ఉండే పలుచని వాతావరణాన్ని, ధూళిని పరిశీలించడానికి 2013లో నాసా పంపిన 'లాడీ' నౌక ప్రోగ్రాములో ఎక్కువ భాగం ఇట్లా బొమ్మల నుంచి పుట్టిందే.

మరి నీకు జీతమెందుకు?

ఇదంతా విని మా పెద్దమ్మ ఒకసారి అడగనే అడిగింది: "ఒరే అబ్బాయ్, రాసేది మిషనే ఐతే నీకు జీతమెందుకురా?"

"బొమ్మ తప్పైతే మిషను ఆ తప్పును ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెడుతుంది పెద్దమ్మా! దాన్ని పట్టుకోవడానికి" అన్నాను.

ఉదాహరణకు, నేనెరిగిన ఒక కంపెనీలో జరిగిన సంగతి. ఇంజను వేడెక్కితే ఫాను తిరగాలి. బొమ్మ గీశారు, వందల గంటలు నడిపారు, అంతా భేష్. పైవారు తేదీ దగ్గరపడిందని తొందర పెడుతున్నారు. కాని మా వృత్తిలో ఇంకొక మెట్టున్నది. నిజమైన చిప్పును తెచ్చి, కారును మాత్రం కంప్యూటరులో నటింపజేస్తాము. ఆ పరీక్షలో ఒక కుర్ర టెక్నీషియను, ఎవరూ చెప్పకుండానే, వేడిని కొలిచే తీగను పీకి చూశాడు. తీగ ఊడితే ఆ కొలత సున్నాకు దిగువ 40 డిగ్రీల చలిగా కనిపిస్తుంది. ఇంజను ఉడికిపోతున్నది, ఫాను హాయిగా ఆగిపోయింది! బొమ్మ గీసినవారెవరికీ తీగ ఊడుతుందన్న తలంపే రాలేదు. నాలుగు వారాలు ఆలస్యమైంది, చీవాట్లు పడ్డవి. కాని ఆ కారు ఏ నడివేసవిలోనో, పిల్లాపాపలతో, ఘాట్ రోడ్డుమీద ఆగిపోలేదు.

మనుషులు రాసిన ప్రోగ్రాముకూ ఇదే నీతి. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు తన తొలి ప్రయాణంలో సుమారు 40 సెకన్లకే నాలుగు ఉపగ్రహాలతో సహా పేలిపోయింది. పాత ఏరియన్ 4లో చక్కగా పనిచేసిన ప్రోగ్రామునే దిశ చూపే పరికరంలో ఉంచారు. కొత్త రాకెట్టు వేగం 32,767 దాటని గదిలో పట్టలేదు. ముందు జరిపిన పరీక్షల్లో ఆ పరికరాన్ని పెట్టక, దాని బదులు నటనను పెట్టి సరిపుచ్చారు. నటించేదానికి రాని జబ్బు అసలుదానికి వచ్చింది.

హైదరాబాదులో, చెన్నైలో, బెంగుళూరులో ఎందరో తెలుగు పిల్లలు ఈ పనిలో ఉన్నారు. మీ వాడూ ఇంజనీరింగు చదువుతుంటే, ప్రోగ్రాము భాషలు ఎన్ని వచ్చునని మాత్రమే అడగకండి. మోటారు ఎందుకు కాలుతుందో, నీళ్ళకు అలలెందుకు లేస్తవో, తీగ ఊడితే ఏమవుతుందో అడగండి. పంక్తులు రాసే పని యంత్రం నేర్చుకున్నది. తీగ పీకి చూడాలన్న బుద్ధి మాత్రం ఇంకా మనిషే పుట్టించాలి.