అద్దాల మేడ రైలు

1970 మార్చి 22న కాలిఫోర్నియా జెఫిర్ రైలు చివరిసారిగా చికాగో నుంచి ఓక్లండ్ చేరుకుంది. 1949 మార్చి 20న మొదలైన రైలు అది. 21 ఏళ్ల 2 రోజులకు దాని కథ ముగిసింది. పెట్టెలు తుప్పు పట్టలేదు. ఇంజన్లు మొరాయించలేదు. వేసవి వస్తే జనం బాగానే ఎక్కేవారు. అయినా ఆగిపోయింది. గట్టిగా ఉన్న యంత్రం, ప్రజలు మెచ్చిన యంత్రం ఎందుకు ఆగిపోతుందో తెలుసుకోవాలంటే ఈ రైలు పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

తుప్పు పట్టని ఉక్కు

1930ల మొదట్లో అమెరికా రైల్వేలకు గడ్డుకాలం. ఒకవైపు ఆర్థిక మాంద్యం, మరోవైపు ఊరూరా కార్లు. అప్పటి రైలుపెట్టెలు ఒక్కొక్కటి 70, 80 టన్నులు తూగేవి. వాటిని లాగడానికే బోలెడంత బొగ్గు, నీరు ఖర్చయ్యేవి. బరువు తగ్గించకపోతే రైలుకు భవిష్యత్తు లేదని నమ్మినవారిలో ఫిలడెల్ఫియాలో కార్ల బాడీలు తయారుచేసే ఎడ్వర్డ్ బడ్ ఒకరు. ఆయన చూపు స్టెయిన్‌లెస్ స్టీల్ మీద పడింది. ఇనుములో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిపిన ఉక్కు అది. మన వంటింటి గిన్నెల్లో చాలావాటిది ఇదే జాతి. దీనికి బలం ఎక్కువ, తుప్పు పట్టదు, రంగు వేయనక్కర్లేదు. పలుచని రేకులతోనే పెట్టె మొత్తం కట్టవచ్చు.

చిక్కంతా అతుకు దగ్గర వచ్చింది. ఈ ఉక్కును మామూలుగా వెల్డింగ్ చేస్తే అతుకు చుట్టూ లోహం చాలాసేపు వేడిగా ఉండిపోతుంది. ఆ వేడిలో క్రోమియం కార్బన్‌తో కలిసి లోహపు రేణువుల అంచుల్లో పేరుకుంటుంది. తుప్పును ఆపాల్సిన క్రోమియం అక్కడ కరువవుతుంది. అంటే అతికిన చోటే పెట్టె బలహీనపడుతుందన్నమాట. బడ్ కంపెనీ ఇంజనీరు ఎర్ల్ రాగ్స్‌డేల్ దీనికి మందు కనిపెట్టారు. రెండు రేకులను గట్టిగా నొక్కిపట్టి, చాలా ఎక్కువ విద్యుత్తును సెకనులో చిన్న భాగం పాటు మాత్రమే పంపడం. లోహం కరిగి అతుక్కుంటుంది గానీ క్రోమియం చోటు మారేలోపే చల్లబడిపోతుంది. ఈ పద్ధతికి షాట్‌వెల్డ్ అని పేరు పెట్టారు. దీన్ని నిరూపించడానికి కంపెనీ 1931లో ఏకంగా ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ విమానాన్నే తయారుచేసింది.

బర్లింగ్టన్ రైల్వే అధ్యక్షుడు రాల్ఫ్ బడ్ ఈ ఉక్కును నమ్మారు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే గానీ దగ్గరి బంధుత్వం లేదు. 1934లో మూడు పెట్టెల పయనీర్ జెఫిర్ తయారైంది. లోపల 600 హార్స్‌పవర్ విన్‌టన్ డీజిల్ ఇంజన్. ఆ ఏడాది మే 26న అది డెన్వర్ నుంచి చికాగోకు 1,633 కిలోమీటర్ల దూరాన్ని ఎక్కడా ఆగకుండా 13 గంటల 5 నిమిషాల్లో చేరింది. సగటున గంటకు 125 కిలోమీటర్ల వేగం. అదే దారిలో ఆవిరి రైళ్లకు దాదాపు రెట్టింపు సమయం పట్టేది. ఆవిరి యుగానికి కాలం చెల్లిందని దేశమంతా గ్రహించిన రోజు అది.

డ్రైవరు సీటు ఇచ్చిన ఆలోచన

1944లో జనరల్ మోటార్స్ ఉపాధ్యక్షుడు సైరస్ ఆస్బర్న్ కొలరాడోలోని గ్లెన్‌వుడ్ లోయ గుండా డీజిల్ ఇంజన్ క్యాబ్‌లో కూర్చుని వెళ్లారు. ముందు, పక్కల, పైన ఎటు చూసినా నిటారు కొండలు, కింద కొలరాడో నది. డబ్బు కట్టి వెనక పెట్టెల్లో కూర్చున్నవారికి దక్కేది మాత్రం పక్క కిటికీలోంచి కనిపించే కాస్త ముక్క. ఇంజన్ సిబ్బందికి దొరికే ఈ దృశ్యం ప్రయాణికులకెందుకు దొరకకూడదని ఆయనకు తోచింది. పెట్టె కప్పు మీద అద్దాల గది కట్టాలని బొమ్మ గీశారు.

బర్లింగ్టన్ వర్క్‌షాపు 1945లో పాత పెట్టె ఒకదాన్ని కోసి, పైన అద్దాల మేడ కట్టింది. దానికి విస్టాడోమ్ అని పేరు. చెప్పినంత తేలిక పని కాదది. కప్పు తొలగిస్తే పెట్టె బిగువు తగ్గిపోతుంది, కాబట్టి మిగిలిన చట్రాన్ని బలపరచాలి. ఎండ వేడిని ఆపడానికి రెండు పొరల అద్దాలు, దానికి తగ్గ ఏసీ కావాలి. మేడ కింద మనిషి నిలబడాలంటే చక్రాల జతల మధ్య నేలను కిందికి దించాలి. ఇంత ఎత్తు పెట్టెలు తూర్పు తీరపు ఇరుకు సొరంగాల్లో పట్టవు. పశ్చిమాన పట్టేవి. అందుకే అద్దాల మేడలు అక్కడే వర్ధిల్లాయి.

పగలు కొండలు, రాత్రి ఎడారి

కాలిఫోర్నియా జెఫిర్‌ను మూడు రైల్వేలు కలిసి నడిపాయి. చికాగో నుంచి డెన్వర్ దాకా బర్లింగ్టన్, అక్కడి నుంచి సాల్ట్‌లేక్ సిటీ దాకా రియో గ్రాండ్, ఆపైన శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న ఓక్లండ్ దాకా వెస్టర్న్ పసిఫిక్. మొత్తం దూరం 2,525 మైళ్లు, అంటే దాదాపు 4,060 కిలోమీటర్లు. ప్రయాణం దాదాపు 50 గంటలు. పోటీగా వేరే దారిలో నడిచే సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో రైలు ఇంతకంటే దాదాపు 10 గంటలు ముందే చేర్చేది. వేగంలో గెలవలేమని ఈ మూడు రైల్వేలకూ తెలుసు. అందుకని దృశ్యాన్నే తమ సరుకుగా చేసుకున్నాయి.

టైంటేబులే దానికి సాక్ష్యం. చికాగోలో మధ్యాహ్నం బయలుదేరిన రైలు రాత్రంతా మైదానాలు దాటి తెల్లవారేసరికి డెన్వర్‌లో ఉండేది. రాకీ పర్వతాలు, సముద్రమట్టానికి 2,800 మీటర్ల ఎత్తున ఉన్న 10 కిలోమీటర్ల మొఫట్ సొరంగం, గ్లెన్‌వుడ్ లోయ అన్నీ పగటి వెలుగులో. నెవాడా ఎడారి రాత్రి చీకట్లో. మర్నాడు ఉదయం ఫెదర్ నది లోయ. అక్కడ పట్టాల వాలు 100 మీటర్లకు ఒక మీటరు మించదు.

రైలుకు అయిదు అద్దాల మేడలు, ఒక్కోదానిలో 24 సీట్లు. మొత్తం 120 సీట్లు. వాటికి విడిగా టికెట్ లేదు, రిజర్వేషన్ లేదు. కోచ్ ప్రయాణికుడైనా స్లీపర్ ప్రయాణికుడైనా మెట్లెక్కి కూర్చోవచ్చు. జెఫిరెట్‌లని పిలిచే ఆతిథ్య ఉద్యోగినులు దారి విశేషాలు చెప్పేవారు, పిల్లలనూ పెద్దలనూ కనిపెట్టుకుని ఉండేవారు. ప్రపంచంలో ఏ రైలూ తన ప్రయాణికులను ఇంత మర్యాదగా చూసుకోలేదని నా అభిప్రాయం.

లెక్క తప్పిన చోటు

ఆ మర్యాదకు మూల్యం ఉంది. 1958లో అమెరికాలో జెట్ విమానాల సర్వీసులు మొదలయ్యాయి. చికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నాలుగైదు గంటలే. రైల్లో ఒక సీటు 50 గంటలపాటు ఒకే ఒక్క చార్జీ సంపాదిస్తుంటే, విమానంలో సీటు అదే సమయంలో అరడజను చార్జీలకు పైగా సంపాదించేది. పైగా రైలు తన ప్రయాణికుడికి రెండు రాత్రులు పక్క వేయాలి, పూటపూటా వండిపెట్టాలి. ఆవిరి రోజుల ఒప్పందం ప్రకారం ఇంజన్ సిబ్బందికి 100 మైళ్లకు ఒక రోజు జీతం. ఈ దారి పొడవున అది 25 రోజుల జీతానికి సమానం. ఇక జనం మనసు దోచిన ఆ 120 మేడ సీట్లు పైసా కూడా విడిగా తేలేదు. రైలు గొప్పతనమూ రైలు నష్టమూ ఒక్కచోటే ఉన్నాయి.

1956 నాటి హైవేల చట్టంతో విశాలమైన రహదారులు ప్రభుత్వ ధనంతో వచ్చాయి. రైల్వేలు మాత్రం పట్టాలను సొంత ఖర్చుతో కాపాడుకుంటూ వాటి మీద పన్నులూ కట్టాలి. 1966లో వెస్టర్న్ పసిఫిక్ ఈ రైలును ఆపుతామని ప్రభుత్వాన్ని కోరింది. అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ మొదట ఒప్పుకోలేదు. 1970 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. ఆ మరుసటి నెలే ఆఖరి ప్రయాణం.

ప్రయాణికుల రైళ్ల బాధ్యతను ప్రభుత్వ సంస్థ ఆమ్‌ట్రాక్ చేపట్టింది 1971 మే 1న. ఈ రైలు ఇంకొక్క 13 నెలల పైచిలుకు నిలబడి ఉంటే దాని కథ వేరుగా ఉండేది. రియో గ్రాండ్ మాత్రం ఆమ్‌ట్రాక్‌లో చేరకుండా, తన వాటా పెట్టెలతో రియో గ్రాండ్ జెఫిర్‌ను 1983 దాకా సొంతంగా నడిపింది. అది ఆగిన ఏడాదే ఆమ్‌ట్రాక్ తన చికాగో రైలును ఆ కొండల దారికి మళ్లించి, కాలిఫోర్నియా జెఫిర్ అనే పాత పేరు పెట్టింది. ఆ పేరుతో రైలు నేటికీ నడుస్తోంది.

ఇక ఉక్కు సంగతి. కెనడాలో 1955లో మొదలైన ద కెనడియన్ రైలుకు కూడా బడ్ కంపెనీయే అద్దాల మేడలున్న స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టెలు కట్టింది. 1990ల మొదట్లో ఆవిరి గొట్టాలు తీసేసి విద్యుత్తుతో వెచ్చదనం వచ్చేలా వాటిని మార్చారు. టొరంటో నుంచి వాంకూవర్ దాకా అవే పెట్టెలు ఇంకా తిరుగుతున్నాయి. రాగ్స్‌డేల్ అతుకు ఎంత గట్టిదో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ మేడ మన దాకా కూడా వచ్చింది. 2017 ఏప్రిల్‌లో విశాఖ నుంచి అరకు వెళ్లే కిరండూల్ రైలుకు పెరంబూరులోని రైలుపెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో తయారైన అద్దాల కప్పు పెట్టెను తగిలించారు. పేరు కూడా విస్టాడోమ్. మన రైల్వే దానికి విడిగా టికెట్ పెట్టింది. కాలిఫోర్నియా జెఫిర్ చేయని పని అదే. దృశ్యానికి వెల కట్టడం తప్పు కాదు. రైలు నిలబడాలంటే అది అవసరమని ఆ 21 ఏళ్ల చరిత్ర చెబుతోంది.

మరో పాఠం కూడా ఉంది. ఫెదర్ నది దారిలోని పోర్టోలా మ్యూజియంలో జెఫిర్ పెట్టెలు కొన్ని భద్రంగా ఉన్నాయంటే కారణం అభిమానుల శ్రమ. మన ఐసీఎఫ్ పాతరకం పెట్టెల తయారీ 2018లో ఆగింది. స్టెయిన్‌లెస్ స్టీల్ ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వాటి చోటు తీసుకుంటున్నాయి. మనం ఇంజన్లను స్టేషన్ ముందు దిమ్మె మీద నిలబెడతాం గానీ పెట్టెలను తుక్కుకు పంపేస్తాం. తరతరాలు ప్రయాణించింది ఇంజన్లో కాదు, పెట్టెల్లో. స్లీపరు, జనరల్, ప్యాంట్రీ, గార్డు పెట్టెలతో సహా ఒక పూర్తి రైలును రైల్వే శాఖ ఇప్పుడే పక్కకు తీసి దాచాలి. ఆఖరి పెట్టె తుక్కయ్యాక ఎంత డబ్బు పెట్టినా అది తిరిగిరాదు.