శిఖరము సగము దారియే

2014 మే మాసమున, నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామమునకు చెందిన 13 ఏండ్ల బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు నధిరోహించిన నాటినుండి పర్వతారోహణమను మాట తెలుగువారి యిండ్లలో వినబడుట పరిపాటియైనది గాని, ఆ మాట వినినంతనే మన కన్నుల యెదుట నిలుచునది శిఖరాగ్రమున జెండా పట్టుకొనిన మూర్తి మాత్రమే. ఆ ఛాయాచిత్రము తీసిన మరుక్షణమున మొదలగు అవరోహణమును గూర్చి పత్రికలు వ్రాయవు, పాఠకులు అడుగరు. ఆ రెండవ సగమునే తన కళగా చేసికొనిన వాడు పోలండు దేశీయుడగు ఆంజెయ్ బార్గియెల్.

దక్షిణ పోలండులోని యొక పల్లెలో, పదకొండుమంది బిడ్డలు గల యింట, 1988లో జన్మించిన ఇతడు తొలుత మంచుపై జారు పొడవాటి పలకలగు స్కీలతో కొండలెక్కి దిగు పందెములలో పేరు గడించి, ఆ దేశపు జాతీయ విజేతగా నిలిచెను. మనము చలనచిత్రములలో చూచు స్కీయింగునందు తీగపై వ్రేలాడు కుర్చీ మనిషిని పైకి గొనిపోవును. అతడు యంత్రములతో చదును చేసిన వాలుపై క్రిందికి జారును. బార్గియెల్ చేయు బ్యాక్‌కంట్రీ స్కీయింగున తీగయు లేదు, కుర్చీయు లేదు. ఎంత దిగవలెనో అంతయు తన కాళ్లతోనే ఎక్కవలెను.

ఎక్కుటకు గల ఉపాయము మిక్కిలి సరళమైనది. పూర్వము సీలు చర్మముతోను, ఇప్పుడు మోహెయిరుతోనో నైలానుతోనో చేయు స్కిన్ అను పొడవాటి పట్టీని స్కీ అడుగున జిగురుతో అంటింతురు. దాని నూగంతయు వెనుకకు వాలియుండుటచే ముందునకు త్రోసినపుడు స్కీ నున్నగా సాగును. బరువు మోపినపుడు ఆ నూగే మంచును పట్టుకొని వెనుకకు జారనీయదు. బూటు ముందుకొన మాత్రము స్కీకి బిగిసి, మడమ విడిగా లేచుచుండును గనుక ఆరోహకుడు నడచుచున్నట్లే వాలును మలుపులు తిరుగుచు ఎక్కును. పైకి చేరిన పిదప ఆ పట్టీని సర్రున ఊడదీసి, చలికి జిగురు పట్టు సన్నగిల్లకుండ అంగీలోపల దాచుకొని, మడమను బిగించినచో అదే స్కీ దిగుటకు సిద్ధము. వాలు మరీ నిటారైనచోట స్కీలు వీపుపైకి పోవును, కాళ్లకు ఇనుప ముండ్ల క్రాంపాన్లును చేతికి మంచుగొడ్డలియును వచ్చును.

ఈ విద్యలో కాళ్ల సత్తువకన్న కష్టమైనది మంచును చదువుట. మంచు పొరలు పొరలుగా పేరుకొనును. అడుగుపొర పంచదార పలుకులవలె విడివిడిగా ఉండి, పైపొర గాలికి గట్టిపడి పలకగా మారినచో, ఒక్క మనిషి బరువునకే ఆ పలక పగిలి కొండచరియ యంత వెడల్పున జారిపోవును. 30 నుండి 45 డిగ్రీల వరకు గల వాలులే ఇందుకు మిక్కిలి అనువైనవి; స్కీయింగునకు ఇంపైన వాలులును అవియే యగుట ఈ క్రీడలోని చిక్కు. కావుననే ప్రతివాడును సంకేతములు పంపు చిన్న పరికరము నొకదానిని ఒంటికి కట్టుకొని, మంచులో గ్రుచ్చి వెదకు కడ్డీని, త్రవ్వుటకు పారను మోసికొనిపోవును. మంచు క్రింద పడినవానికి మొదటి పావుగంటయే ప్రాణాధారము. పట్టణమునుండి సహాయము వచ్చులోపల తోడివారే త్రవ్వి తీయవలెను.

బార్గియెల్ ఒక్కసారిగా మహాశిఖరములపై పడలేదు. 2010లో ఎల్బ్రుస్ పర్వతమును పరుగెత్తి ఎక్కు పందెమున అందరికన్న ముందు నిలిచి, పిమ్మట శిషాపంగ్మా, మనాస్లు, బ్రాడ్‌పీక్ శిఖరములనుండి స్కీలపై దిగి, 2016లో పూర్వ సోవియట్ దేశమునందలి 7,000 మీటర్లు మించిన ఐదు శిఖరములను 30 రోజులలోపుననే ముగించెను. 8,611 మీటర్ల కే2 శిఖరము కడకు 2017లో వెళ్లి, పరిస్థితులు బాగులేవని వెనుదిరిగెను. మరుసటి యేడు జూలై 22న, సిలిండరు ప్రాణవాయువు లేకుండ శిఖరమెక్కి, అచ్చటనుండి ఎవ్వరును అంతవరకు చేయలేనట్లు పాదముదాక స్కీలపైనే దిగెను. మార్గమధ్యమున మబ్బు క్రమ్మగా, దారి కనబడువరకు నాలుగవ శిబిరమున వేచియుండెను. అటుపైన దక్షిణముఖము నడ్డముగా దాటి, 1986లో తన దేశీయులే యగు కుకుచ్‌కా, పియోత్రోవ్‌స్కీలు ఎక్కిన త్రోవలో దిగెను. ఆ యిరువురిలో పియోత్రోవ్‌స్కీ శిఖరము చూచిన పిదపనే, దిగుచుండగా, క్రాంపాన్లు ఊడి పడి మరణించెను. వాలుపైని దారిని ముందుగా వెదకుటకు బార్గియెల్ సోదరుడు బార్టెక్ డ్రోనును ఎగురవేయుచుండెను. అదే డ్రోను కొద్దిరోజుల ముందు ప్రక్కనున్న బ్రాడ్‌పీక్‌పై తప్పిపోయిన స్కాట్లండు ఆరోహకుడు రిక్ ఎలన్ ఆచూకి తీసి, ఆయన ప్రాణము దక్కుటకు కారణమయ్యెను. స్కీల విజయముకన్న ఈ పనియే గొప్పదని నాకు తోచును.

ఎవరెస్టు మాత్రము అంత సులభముగా లొంగలేదు. 2019లో ఎక్కు దారిలోని ఖుంబు హిమప్రవాహముపై వ్రేలాడుచున్న పెద్ద మంచుదిమ్మెను చూచి తిరిగివచ్చెను. 2022లో పెనుగాలి పోనీయలేదు. మూడవమారు, 2025 సెప్టెంబరు 22న, మరల సిలిండరు లేకుండనే శిఖరము చేరెను. లోతైన మంచు అడుగడుగున ఆటంకపరచుటచే 8,000 మీటర్లకు పైన సుమారు 16 గంటలు గడపవలసివచ్చెను. చీకటి పడుచుండగా రెండవ శిబిరమునకు దిగి, ఆ రాత్రి అచ్చట పరుండి, ఉదయమున మంచు పగుళ్లతో నిండిన ఖుంబులో ప్రవేశించెను. సాధారణముగా ఆరోహకులు షెర్పాలు అమర్చిన త్రాళ్లను, నిచ్చెనలను నమ్ముకొని దాటు ఆ చోట, పైనుండి డ్రోను చూపిన సందులగుండ స్కీలపై మలుపులు తిరుగుచు మూలశిబిరము చేరెను.